వీరవేణి తోకబండి

దుప్పటి కాళ్ళదాకా కప్పుకో బుజ్జులూ. ఆ చెయ్యి కూడా లోపల పెట్టు. ఈ కథలో కాస్త భయం ఉంది, ముందే చెబుతున్నా. మధ్యలో నన్ను గట్టిగా పట్టుకున్నా ఏమీ అనను. సరేనా?

అనగనగా, ఇటు గోదారి పాయకీ అటు పంటకాలవకీ మధ్య ఇరుక్కుపోయి మొగలిలంక అని ఒక ఊరు. ఆ ఊళ్ళో వీరవేణి అని ఒకావిడ. పేరులో వీరం ఉందిగానీ, ఆవిడకున్నంత భయం ఊళ్ళో ఇంకెవరికీ లేదు. ఉరిమితే భయం. కుక్క మొరిగితే భయం. ఈత రాదేమో, నీళ్ళంటే మరీ భయం. ఎక్కడికైనా బయల్దేరితే పొయ్యి ఆర్పానో లేదోనని సగం దారిలోంచి వెనక్కొచ్చేది.

ఆవిడ మొగుడు దొరబాబు. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపడం ఆయన పని. వాళ్ళకో కూతురు, మంగతాయారు. అందరూ తాయారూ అని పిలిచేవాళ్ళు. నీకంటే కాస్త చిన్నది.

ఒకరోజు వానకి తడిసిన చెట్టెక్కి, పైనుంచి జారి పడ్డాడు దొరబాబు. తుంటి ఎముక విరిగింది. పాపం, మంచానికి అంటుకుపోయాడు. అప్పుడు ఇంట్లో పొయ్యి వెలగాలంటే వీరవేణే ఏదో ఒకటి చెయ్యాలి.

ఏం చెయ్యాలి? ఆవిడకి సైకిలు తొక్కడం వచ్చు. సంత ఏమో కాలవ గట్టు వెంబడి చాలా దూరం. మధ్యలో ఒక ఇనుప వంతెన ఉంది, బాగా ఇరుకు. దాని మీద ఆటో పట్టదు. అందుకని మొగలిలంక వాళ్ళు ఉప్పు కావాలన్నా పప్పు కావాలన్నా నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చేవాళ్ళు. ముసలివాళ్ళయితే అదీ చెయ్యలేరు.

"అందరి సరుకులూ నేను తెచ్చిపెడతాను" అంది వీరవేణి. అందిగానీ, సైకిలు వెనక ఎంత పడుతుంది? ఒక సంచీ. మహా అయితే రెండు.

అప్పుడు దొరబాబు మంచం మీద పడుకునే ఆలోచించాడు. "వేణీ, ఎద్దుకి బండి కట్టినట్టు సైకిలుకి కూడా ఓ బండి కడితే?"

మూలన పడున్న పాత పిల్లల సైకిళ్ళ చక్రాలు రెండు తీయించాడు. ఒక ఇరుసు వేయించాడు. దాని మీద వెదురు తడికలతో తొట్టిలా కట్టించాడు, వంతెన మీద పట్టేలా సన్నగా. ముందువైపు ఒక పొడుగాటి ఇనుప కమ్మీ. ఆ కమ్మీని సైకిలు సీటు కింద తగిలించి, ఒక శీల బిగిస్తే సరి. సైకిలు ముందు పోతుంటే ఆ బండి వెనకాలే గునగునా వచ్చేది. ఊళ్ళో పిల్లలు చూసి "తోకబండి! తోకబండి!" అని చప్పట్లు కొట్టారు. ఆ పేరే ఉండిపోయింది.

మొదటిసారి వీరవేణి సంతకి వెళ్ళింది. బియ్యం బస్తా, బెల్లం దిమ్మలు, నూనె డబ్బాలు కొంది. బరువైనవన్నీ బండి చివర్న పెట్టింది, తేలికవి ముందు పెట్టింది. సైకిలెక్కి తొక్కిందో లేదో, వెనక బరువుకి బండి వెనక్కి ఒరిగి, సైకిలు వెనక చక్రాన్ని గాల్లోకి లేపేసింది! పెడలు గిర్రున తిరుగుతుంది, సైకిలు మాత్రం కదలదు.  వీరవేణి దిగి, బండి మొత్తం తోసుకుంటూ ఇల్లు చేరింది.

"నా వల్ల కాదు మావా" అని కూలబడింది.

దొరబాబు విని, "బరువైనవి అడుగున పెట్టు. సరిగ్గా చక్రాల మీదికి, ఒక్క పిసరు ముందుకి. అప్పుడు లేవదు" అన్నాడు.

రెండోసారి అలాగే పెట్టింది. బండి బుద్ధిగా కదిలింది. కానీ వెనకున్న సరుకులు ఆవిడకి కనపడవు కదా! ఎవరి పప్పు పడిపోయిందో, ఎవరి నూనె ఒలికిందో అని గంపెడు బెంగ. నాలుగు బారలు తొక్కడం, మెడ తిప్పి చూడటం. మళ్ళీ తొక్కడం, మళ్ళీ చూడటం. అలా చూస్తూ చూస్తూ ముందున్న గొయ్యి చూసుకోలేదు. సైకిలు కాలవ వైపు వాలిపోయింది. గట్టు అంచున గడ్డిలో పడింది కాబట్టి బతికిపోయింది. కోడిగుడ్లన్నీ చితికిపోయాయి.

"వెనక్కి చూడకే వేణీ" అన్నాడు దొరబాబు, మోచేతికి పసుపు రాస్తూ. "కళ్ళెటుంటే సైకిలటే పోతుంది."

"చూడకుండా ఎలా ఉండను మావా? అవన్నీ నన్ను నమ్మి చెప్పిన సరుకులు. ఉన్నాయో పడిపోయాయో నాకెలా తెలుస్తుంది?"

అప్పుడు తాయారు మధ్యలో దూరింది. "నేను చూస్తానమ్మా! నన్ను బండిలో కూర్చోబెట్టు. ఏమన్నా పడితే నేను చెప్తా."

వీరవేణికి అదీ భయమే. కానీ ఇంట్లో వదిలితే మాత్రం? ఈ పిల్ల కాళ్ళు ఒకచోట నిలవవు. కాలవ దగ్గరికి పరిగెత్తితే దొరబాబు లేచి పట్టుకోలేడు. కళ్ళ ముందు ఉంటుందిలే అనుకుంది. కళ్ళ ముందు కాదు మరి, కళ్ళ వెనక. అయినా సరే అనుకుంది.

ఆ తర్వాత నుంచి గోనెపట్టా మడత పెట్టి, బండిలో తాయారుకి చోటు చేసేది. తొక్కుతూ తొక్కుతూ వీరవేణి "తాయారూ!" అని పిలిచేది. వెనకనుంచి తాయారు "ఊఁ" అనేది. అంటే అన్నీ ఉన్నట్టు. నువ్విప్పుడు నాకు ఊఁ కొడుతున్నావు చూడూ, అలాగే. "నీళ్ళ దగ్గరికి మాత్రం వెళ్ళకూడదు, బండి ఎక్కడ ఆగినా సరే" అని రోజూ చెప్పేది. తాయారు దానికీ "ఊఁ" అనేది.

అలా కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఊళ్ళోవాళ్ళకి సరుకులందాయి, వాళ్ళు ఇచ్చినదానితో వీళ్ళ ఇల్లు నడిచింది. వీరవేణి నిద్రలో ఉలిక్కిపడటం కూడా కాస్త తగ్గింది.

ఇదిగో, ఇప్పుడొస్తుంది భయం. నా చెయ్యి పట్టుకో.

ఆ వేళ సంతలో ఉండగానే మబ్బు పట్టింది. మధ్యాహ్నమే అయినా సాయంత్రంలా అయిపోయింది. వీరవేణి గబగబా సరుకులు సర్దింది. అడుగున బియ్యం, పక్కన నూనె, వెనక ఉల్లిపాయల బస్తా. మధ్యలో తాయారు. పొద్దున్నే లేచిన పిల్ల కదా, కూర్చోగానే నిద్రపోయింది.

దారిలో ముందు పిండిమర దగ్గర ఆగింది. ఎవరిదో బియ్యప్పిండి సంచీ ఎక్కించింది. ఆ సంచీ లోపలికి తోస్తుంటే, ఉల్లిపాయల బస్తా వెనక్కి జరిగి వెదురు మొనకి గీసుకుంది. చిన్న చిరుగు పడింది. అది వీరవేణి చూసుకోలేదు.

ఆ తర్వాత లాకుల దగ్గర ఆగింది. లాకులంటే కాలవ నీళ్ళని ఆపే పెద్ద తలుపులు బుజ్జులూ. అక్కడికొచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. తాయారు ఇంకా నిద్రలోనే ఉంది. పిల్ల తడవకుండా, పిండి తడవకుండా పైన పట్టా కప్పింది. గాలాడటానికి వెనక ఒక మూల వదిలేసి, మిగతా మూలలు తాడుతో కట్టింది. లాకుల కాపలా కోటయ్య లోపల గదిలో ఉంటే పరిగెత్తుకెళ్ళి అడిగింది.

"బాబాయ్! వంతెన దగ్గర దారి బాగుందా?"

"ఇప్పటికి బాగానే ఉందమ్మా. పైనుంచి నీళ్ళు ఎక్కువొస్తున్నాయి, తలుపులు ఎత్తాం. తొందరగా దాటేసెయ్."

 ఆ మాట వినగానే వీరవేణి పరుగున వచ్చి సైకిలెక్కింది. మళ్ళీ పట్టా విప్పి చూద్దామనుకుంది. గాలికి ఎగిరిపోతుందేమో, పిల్ల తడుస్తుందేమో అని విప్పలేదు.

కాస్త దూరం పోయాక పిలిచింది. "తాయారూ!"

"ఊఁ" అని వినిపించింది.

అప్పుడు వాన పెద్దదయింది. "తాయారూ!"

"ఊఁ..."

వంతెన దగ్గర దిగి, బండిని తోసుకుంటూ దాటింది. కింద నీళ్ళు హోరుమంటున్నాయి. కళ్ళు మూసుకున్నంత పని చేసి, గట్టిగా అరిచింది. "తాయారూ! భయపడకు, ఇంటికొచ్చేశాం!"

"ఊఁ... ఊఁ..."

ఇల్లు చేరింది. దొరబాబు గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చి కూర్చున్నాడు. "తడిసిపోయారా? తాయారేదే?"

"పట్టా కింద పడుకుంది మావా" అంటూ తాడు విప్పింది వీరవేణి. పట్టా లాగింది.

బియ్యం ఉంది. పిండి ఉంది. నూనె ఉంది. గోనెపట్టా మీద పిల్ల పడుకున్న గుంట ఉంది. పిల్ల లేదు.

 వీరవేణి బండిని కాస్త జరిపింది. తడిసిన ఇరుసు మూలిగింది. ఊఁ... అని.

అంతవరకూ ఆవిడకి జవాబు చెప్పింది ఆ ఇరుసు!

దొరబాబు గుండెలు బాదుకున్నాడు. ఇరుగుపొరుగు వచ్చారు. కొందరు ఊళ్ళోకి పరిగెత్తారు, కొందరు ఏటి గట్టుకి పరిగెత్తారు. వీరవేణి శీల లాగేసి, తోకబండిని అక్కడే వదిలేసి, సైకిలెక్కి వచ్చిన దారినే వెనక్కి తొక్కింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఎక్కడ దిగిపోయింది? పిండిమర దగ్గరా? లాకుల దగ్గర పడుకునే ఉందిగా, తను చూసిందిగా. మరి వంతెన దగ్గరా? వంతెన మీద తను కళ్ళు మూసుకున్నంత పని చేసింది కదా, అప్పుడా? 

మొదట వంతెన చేరింది. అటు చూసింది, ఇటు చూసింది. కమ్మీల సందుల్లోంచి కిందికి చూసింది. ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతూ పోతున్నాయి. "తాయారూ!" అని అరిచింది. జవాబు లేదు.

వంతెన దాటాక దారి మీద ఒక ఉల్లిపాయ కనబడింది. కాస్త దూరంలో ఇంకొకటి. ఆ తర్వాత మరొకటి. బస్తా చిరిగిందన్నమాట. మామూలప్పుడైతే ఆ బెంగతోనే సగం చచ్చిపోయేది. ఇప్పుడు వాటి మీంచే తొక్కుకుంటూ పోయింది.

రెండోది, లాకులు చేరింది.

"బాబాయ్! మా తాయారు ఇక్కడ దిగిందా?"

కోటయ్య గదిలోంచి బయటికొచ్చాడు. ఆయన ముఖం తెల్లబోయింది. "నేను చూడలేదమ్మా. వాన కొడుతుందని తలుపేసుకున్నాను." వెంటనే పొడుగాటి కర్ర తీసుకుని, తలుపుల దగ్గర నురగలు కక్కుతున్న నీళ్ళ వైపు పరిగెత్తాడు.  ఎందుకు అటే పరిగెత్తాడో వీరవేణికి అర్థమైంది.

ఆవిడ లాకులు దాటి పిండిమర వైపు చూసింది. దారి ఖాళీగా ఉంది. ఒక్క ఉల్లిపాయ లేదు. బస్తా ఇక్కడే చిరిగిందేమో, ఇటువైపు ఏమీ పడలేదేమో అనుకుంది. వెనక్కి తిరగబోయింది.

అప్పుడు బురదలో ఒక చిన్న పాదం అచ్చు కనబడింది. చెప్పుల్లేని పాదం, బుజ్జి బుజ్జి వేళ్ళు. దాని పక్కనే గుండ్రంగా చిన్న గుంట, ఉల్లిపాయ పడి లేచినట్టు. ఇంకొంచెం ముందుకెళితే మరో పాదం, మరో గుంట.

అర్థమైంది! ఉల్లిపాయలు ఇటు కూడా పడ్డాయి. తాయారు లాకుల దగ్గర దిగి, వాటిని ఏరుకుంటూ వెనక్కి నడిచిపోయింది. తను ఇటు తొక్కుకుంటూ వెళ్ళిపోయింది, పిల్ల అటు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

వీరవేణి సైకిలు పడేసి, అడుగులు చూసుకుంటూ పరిగెత్తింది. వాన ఆ అడుగుల్ని ఒక్కొక్కటే చెరిపేస్తుంది. ఒకటి కనబడుతుంది, రెండు కనబడవు. మళ్ళీ ఒకటి కనబడుతుంది. "చెరపకు తల్లీ, కాస్త ఆగు తల్లీ" అని వానని బతిమాలుకుంది.

అలా పోగా పోగా, దారి మధ్యలో ఒక ఉల్లిపాయ. దానికవతల మరోటి. ఎవరూ ఏరనివి.

అంటే పిల్ల ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయింది. ఇక్కడినుంచి ముందుకి వెళ్ళలేదు.

వీరవేణి వంగి చూసింది. చివరి అడుగులు పిండిమర వైపు లేవు. కాలవ వైపు తిరిగున్నాయి. గట్టు దిగి, జారి, నీళ్ళ అంచుదాకా వెళ్ళాయి. అక్కడితో అయిపోయాయి.

ఏడవకు బంగారం. ఉండు, చెబుతున్నాగా. నా దగ్గరికి జరుగు.

వీరవేణికి ఈత రాదని చెప్పాను కదా. కాలవలో చెంబు ముంచడానికి కూడా గట్టు మీదున్న కొమ్మ పట్టుకునే మనిషి. ఆ వేళ ఏదీ పట్టుకోలేదు. ఒక్క పరుగున దిగింది. మోకాలిలోతు, నడుంలోతు, గుండెలోతు. కాళ్ళ కింద మెత్తగా బురద జారిపోతుంది. ముందు గుర్రపుడెక్క దట్టంగా అల్లుకునుంది. రెండు చేతులతో దాన్ని చీల్చింది. మునిగి, చేతులతో తడిమింది. నోట్లోకి నీళ్ళు పోయాయి. లేచి ఊపిరి పీల్చుకుని మళ్ళీ మునిగింది. ఏదో మెత్తగా చేతికి తగిలింది. గట్టిగా లాగింది. గుర్రపుడెక్క వేర్ల కుచ్చు, అంతే. దాన్ని విసిరేసి కేక పెట్టింది.

"తాయారూ! ఊఁ అనవే! ఒక్కసారి ఊఁ అనవే తల్లీ!"

ఆ కేక లాకులదాకా వినబడింది. కోటయ్య కర్ర పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. వీరవేణి మూడోసారి మునగబోయింది.

అప్పుడు వెనకనుంచి, గట్టు మీదనుంచి, ఒక గొంతు.

"అమ్మా! నీళ్ళలో దిగకూడదని నువ్వే చెప్పావుగా? నువ్వెందుకు దిగావు?"

వీరవేణి తిరిగి చూసింది. గట్టు మీద తాయారు. తల మీద ఎవరిదో పెద్ద ప్లాస్టిక్ పట్టా. రెండు చేతులతో గౌను అంచు పైకి పట్టుకునుంది. గౌను నిండా ఉల్లిపాయలు. పక్కన ఎవరో తెలియని ఆడమనిషి, పిల్ల భుజం గట్టిగా పట్టుకుని.

వీరవేణి గట్టెక్కలేకపోయింది. జారిపోతుంటే కోటయ్య కర్ర అందించాడు. ఎక్కి వచ్చి, బురదలోనే కూలబడి, పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. ఉల్లిపాయలన్నీ దొర్లిపోయాయి. తిట్టలేదు, కొట్టలేదు. తల తడిమింది, చెవులు తడిమింది, వేళ్ళు ఒక్కొక్కటే తడిమింది.

"నొప్పిగా ఉందమ్మా, కాస్త వదులు" అంది తాయారు. "నేను లేచేసరికి ఉల్లిపాయలు పడిపోయున్నాయి. నువ్వు చూస్తే బెంగపడతావని, నువ్వొచ్చేలోగా ఏరేద్దామనుకున్నా. ఒకటి తీసేసరికి ఇంకోటి, ఇంకోటి తీసేసరికి మరోటి. ఒకటి దొర్లి నీళ్ళ దగ్గరికెళ్ళిపోయింది..."

అక్కడ ఆ పిల్ల గొంతు చిన్నదైపోయింది. "దాని కోసం దిగాను. జారాను."

పక్కనున్న ఆడమనిషి మాట కలిపింది. ఆవిడ పేరు చెంగమ్మ. నెల్లూరు వైపునుంచి బాతుల మందలు తోలుకుని ఊరూరా తిరిగే మనిషి. గట్టు అవతల తాటిచెట్ల చాటున గుడారం వేసుకునుంది.

"బాతుల్ని మళ్ళిద్దామని వచ్చినానమ్మే. చూద్దును కదా, ఈ పాప నీళ్ళ అంచున జారతా ఉండాది. పరిగెత్తి ఎత్తుకున్నా. వాన గదా, చంకన వేసుకుని గుడారానికి తీసకపోయినా. ఎవురి పాపో తెలీదు. ఉల్లిగడ్డలు మాత్రం వదలనంటా ఉంది. నీ కేక ఇనబడేసరికి, అమ్మా అని లేచి పరిగెత్తింది."

అందుకే బుజ్జులూ, అడుగులు నీళ్ళ అంచునే ఆగిపోయాయి. అక్కడినుంచి తాయారు నడవలేదు, చెంగమ్మ ఎత్తుకుంది. చెంగమ్మ అడుగులు గడ్డిలో కలిసిపోయాయి.

వీరవేణి చెంగమ్మ రెండు చేతులూ పట్టుకుంది.  పట్టుకుని ఏడ్చేసింది. చెంగమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత కోటయ్య సైకిలు నడిపిస్తుంటే, వీరవేణి పిల్లని చంకనేసుకుని ఇంటిదారి పట్టింది. వంతెన దగ్గరికొచ్చేసరికి అటు చివర ఎవరో కమ్మీ పట్టుకుని వానలో కూలబడి ఉన్నారు. ఎవరనుకున్నావు? దొరబాబు! మంచం దిగి పది అడుగులు వెయ్యలేని మనిషి, రెండు కర్రల సాయంతో అంతదూరం వచ్చేశాడు. వంతెన ఎక్కడానికి మాత్రం కాళ్ళు రాలేదు. అక్కడే కూర్చుని కూతుర్ని పిలుస్తున్నాడు. పిలిచీ పిలిచీ గొంతు పోయింది. తాయారు "నాన్నా!" అంటే ముందు నమ్మలేదు. చెయ్యి చాపి ముఖం తాకి చూశాక నమ్మాడు.

ఆ వేళనుంచి వీరవేణి తోకబండిని ముట్టుకోలేదు. గోడకి తిరగేసి ఆనించేసింది. "ఇక నా వల్ల కాదు. నాకు బండీ వద్దు, సంతా వద్దు" అంది. ఊళ్ళోవాళ్ళు మళ్ళీ నెత్తిన మోసుకోవడం మొదలెట్టారు. ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాటనలేదు. దొరబాబు కూడా అనలేదు. కానీ ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడసాగింది. వీరవేణి దాని మూత తీస్తుంది, చూస్తుంది, మళ్ళీ మూసేస్తుంది. బండి వైపు మాత్రం చూసేది కాదు.

అలా ఉండగా ఒక ఉదయం చెంగమ్మ వాళ్ళింటికొచ్చింది. గుమ్మం బయటే నిలబడింది.

"ఇక్కడి చేలల్లో మేత అయిపోయింది గదమ్మే. అవతల కాలవకి పోవాల. పెద్ద బాతులు నడుస్తాయి. నిన్న మొన్న పొదిగిన పిల్లలే నడవలేవు. ఎండకి దారిలోనే రాలిపోతాయి. నీ బండి ఒక్క పూట ఇస్తావా? నా మొగుడు లాక్కోని పోతాడు."

వీరవేణి బండి వైపు చూసింది.  అప్పుడు తాయారు వైపు చూసింది. ఆ పిల్ల ముగ్గు మీద కూర్చుని గులకరాళ్ళతో ఆడుకుంటుంది, హాయిగా, వెచ్చగా.

"చేత్తో లాగితే అంతదూరం ఎప్పటికి చేరతారు అక్కా?" అంది వీరవేణి. "నేనే తొక్కుతా."

దొరబాబు ఆ పూటే ఇరుసుకి నూనె పోశాడు. పాత టవలు మడత పెట్టి సైకిలు ముందు కమ్మీకి చుట్టి, తాయారు కూర్చోడానికి పీట కట్టాడు. తల్లి చేతుల మధ్యన, గడ్డం కింద. వెనక బండిలో వరిగడ్డి పరిచారు. వంతెనా లాకులూ దాటి గుడారందాకా బండిని తోసుకెళ్ళాక, చెంగమ్మ బుట్టల్లోంచి బాతుపిల్లల్ని దోసిళ్ళతో తీసి అందులో పెట్టింది. పసుపు ముద్దల్లా ఉన్నాయి. పైన వల కప్పింది. లోపల ఒకటే కిచకిచ.

వీరవేణి సైకిలెక్కింది. భయం పోయిందనుకున్నావా? పోలేదమ్మా. కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. వణికే కాళ్ళతోనే తొక్కింది. ముందు పెద్ద బాతులు బారులు కట్టి నడుస్తుంటే, చెంగమ్మా మొగుడూ కర్రలతో అదిలిస్తుంటే, వాళ్ళ వెనకాల మెల్లగా, మెల్లగా.

ముందుగా పిండిమర వచ్చింది. ఆగింది. దిగి, వల ఎత్తి చూసింది. పిల్లలున్నాయి. ఆ తర్వాత రావిచెట్టు వచ్చింది. ఆగింది, చూసింది. ఉన్నాయి. ఆ తర్వాత కాలవ మలుపు వచ్చింది. మళ్ళీ ఆగింది. చెంగమ్మ నవ్వింది. "ఇట్ల ఆగతా పోతే పొద్దు గుంకుతుందమ్మే!"

"గుంకనీ అక్కా. నేను చూసుకునే పోతా" అంది వీరవేణి.

అవతల కాలవ చేరేసరికి ఎండ చల్లబడింది. కొత్త చేలల్లో నీళ్ళు నిండుగా ఉన్నాయి. వల తీశారు. ఒక్క పిల్ల కూడా తప్పిపోలేదు, ఒక్కటి కూడా వాడిపోలేదు. చెంగమ్మ వాటిని గట్టు అంచున వదిలింది. అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ నీళ్ళలోకి దూకి, తల్లుల వెంటపడ్డాయి. తాయారు చప్పట్లు కొట్టింది. వీరవేణి ఆ పిల్ల చెయ్యి వదలకుండా, నీళ్ళకి కాస్త ఎడంగా నిలబడి, చివరి పిల్ల కూడా దాని తల్లిని చేరుకునేదాకా చూసింది.

ఆ మర్నాడు సంతకి వెళ్ళింది. ఆ తర్వాత వారమూ వెళ్ళింది. ఇప్పటికీ వెళుతూనే ఉందట.

ఇంక కళ్ళు మూసుకో బంగారం. నేనిక్కడే ఉన్నా.

బండీ బండీ ఆగింది,
బరువు కిందికి దిగింది,
కథేమో కంచికి సాగింది,
కన్నేమో నిద్దట్లో తూగింది.